‘లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’: ఎవరు? ఎలా?

వాయుగుండం అన్న మాట వినపడగానే టీవీ స్క్రోలింగులో ఒక వాక్యం పరుగు మొదలుపెడుతుంది: ‘లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి.’ ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్న వాక్యమే. అయితే ఎవరినైనా పట్టుకుని ‘మీ ఇల్లు లోతట్టులో ఉందా?’ అని అడిగి చూడండి. ఔననేవాళ్ళు దాదాపు ఉండరు. లోతట్టు ఎప్పుడూ పక్క వీధిలోనే ఉంటుంది. పోనీ అప్రమత్తంగా ఉండడమంటే ఏం చేయాలి? ఇన్వర్టరు ఛార్జింగ్ పెట్టుకోవాలా, బండిని తీసుకెళ్ళి ఫ్లైఓవరు మీద పెట్టి రావాలా, పిల్లల్ని వెంటబెట్టుకుని చుట్టాలింటికి పోవాలా? ఆ సంగతి స్క్రోలింగులో రాదు.

వరదో తుఫానో వచ్చి వెళ్ళాక జరిగే చర్చల్లో రెండు మాటలు ఎదురెదురుగా నిలబడతాయి. ‘జనానికి అవగాహన లేదు, చెప్పినా కదలరు’ అని అధికారులంటారు. ‘వాళ్ళు చెప్పనే లేదు, చెప్పినా ఎలా నమ్మేది’ అని జనం అంటారు. రెంటిలోనూ నిజముంది. కాకపోతే అవగాహన, నమ్మకం అనే ఈ రెండు మాటల కింద వేర్వేరు సంగతులు చాలా కలగాపులగంగా పడి ఉన్నాయి. వాటిని విడదీసి చూడకపోతే వచ్చేసారికి ఏం మార్చుకోవాలో తేలదు.

చూపంతా కృష్ణ మీద, నీళ్ళు బుడమేరు నుంచి

2024 ఆగస్టు 31న విజయవాడలో కుండపోత. మరునాటికి ఊరి చూపంతా ప్రకాశం బ్యారేజీ మీదే ఉంది. గంటగంటకూ లెక్క మారుతోంది. సెప్టెంబరు 2న అది 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2009 అక్టోబరు వరదను కూడా మించిన ప్రవాహం. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లను గుద్దుకోవడంతో టెన్షన్ ఇంకా పెరిగింది.

అంత వరదలోనూ, ఒకప్పుడు కృష్ణ పొంగితే మొదట మునిగే కృష్ణలంక చాలావరకు గట్టెక్కింది. దశలవారీగా కట్టిన రిటైనింగ్ వాల్ నీటిని ఆపింది. మునిగింది నదికి దూరంగా, ఊరికి అవతలి వైపున్న సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ. అక్కడికి వచ్చినవి బుడమేరు నీళ్ళు.

బుడమేరు కొండల్లో పుట్టి, మైలవరం వైపు నుంచి వచ్చి, విజయవాడ అంచులు ఒరుసుకుంటూ కొల్లేరులో కలుస్తుంది. ఊళ్ళోకి రాకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కడి నుంచి ఒక డైవర్షన్ ఛానల్ తవ్వి, నీటిని కృష్ణలోకి మళ్ళిస్తారు. ఈ ఏర్పాటులో ఒక చిక్కుంది. కృష్ణే నిండుగా పొంగుతున్నప్పుడు బుడమేరు నీళ్ళు అందులో కలవడానికి చోటుండదు. ఆ రోజు రెండూ ఒకేసారి వచ్చాయి. ఛానల్ కట్టకు గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1 ఆదివారం తెల్లారేసరికి వీధుల్లో నీళ్ళు. కొన్ని పేటల్లో వారం దాటినా నీళ్ళు దిగలేదు. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది.

దీన్ని అవగాహన లేకపోవడం అనవచ్చా? విజయవాడ వాళ్ళకు వరద అంటే తెలియక కాదు. వాళ్ళకు తెలిసిన వరద కృష్ణ వరద. బుడమేరును ‘విజయవాడ దుఃఖదాయని’ అని పాతవాళ్ళు పిలిచేవారు గానీ, కొత్తగా వచ్చినవాళ్ళ కళ్ళకు అదొక కంపు కొట్టే మురుగు కాలువ. 2005లోనూ అది ముంచింది. కానీ సింగ్‌నగర్ చుట్టుపక్కల ఉండేవాళ్ళలో అద్దెకు వచ్చినవాళ్ళు, పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ఎక్కువ. 19 ఏళ్ళ నాటి ముంపు వాళ్ళ జ్ఞాపకంలో ఎలా ఉంటుంది? ఇంటి ఓనరు చెప్పడు. చెబితే అద్దె తగ్గుతుంది.

అంటే అవగాహన అనేది ‘ఉంది, లేదు’ అని టిక్కు పెట్టే సంగతి కాదు. ఏ నీరు, ఎటు నుంచి, ఎంత సేపట్లో వస్తుందన్న ఎరుక అది. ఒక ప్రమాదం బాగా తెలిసి ఉండడమే రెండో ప్రమాదాన్ని కనపడకుండా చేస్తుంది. ఆ ఆదివారం ఊరందరికీ బ్యారేజీ దగ్గర లెక్క తెలుసు. వెలగలేరు దగ్గర లెక్క ఎంతమందికి తెలుసు? ‘ముందు ఒక్క మాట చెప్పి ఉంటే కనీసం బళ్ళు, సర్టిఫికెట్లు పైకి పెట్టుకునేవాళ్ళం’ అని ఆ పేటలవాళ్ళు రోజుల తరబడి అంటూనే ఉన్నారు.

అడుగులు అర్థమవుతాయి, క్యూసెక్కులు కావు

దీనికి పూర్తి భిన్నంగా భద్రాచలం చూడండి. గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలూ అక్కడ ఎవరినడిగినా చెబుతారు. 1986లో 75.6 అడుగులు వచ్చిందనీ, 2022 జులైలో 71.3 వచ్చిందనీ చెబుతారు. రోజూ కళ్ళ ముందు కనిపించే స్కేలు అది. ఏ అడుక్కి ఏ రోడ్డు మునుగుతుందో, ఏ ఊరికి రాకపోకలు ఆగుతాయో అనుభవంలో ఉన్న లెక్క.

కోనసీమ లంకల్లోనూ అంతే. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర ఇస్తారు. ఆ మాట వినగానే లంకవాళ్ళు తమ కాజ్‌వే సంగతి చూసుకుంటారు, పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలుతారు. ఎవరూ వచ్చి అవగాహన సదస్సు పెట్టక్కర్లేదు.

అదే మనిషికి ‘3.97 లక్షల క్యూసెక్కులు దాటింది, ప్రకాశం బ్యారేజీ వద్ద మొదటి హెచ్చరిక’ అంటే? క్యూసెక్కంటే సెకనుకు ఘనపుటడుగు అని బడిలో చదివిన గుర్తున్నా, అది తన గుమ్మానికి ఎన్ని మెట్లు కిందో తెలియదు. ఎల్లో, ఆరెంజ్, రెడ్ అలర్ట్‌లదీ అదే తంతు. రంగు మారిందని తెలుస్తుంది, తన వీధిలో ఏం మారుతుందో తెలియదు. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల సంగతి సరేసరి. అవి ఓడలవాళ్ళ కోసం పెట్టినవి. పదో నంబరు అంటే మహా ప్రమాదమని పేపరు చదివేవాళ్ళకు వాడుకలో తెలిసింది. ఆపైన పదకొండోది కూడా ఉంది. దానర్థం తుఫాను ఇంకా పెద్దదని కాదు, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

దివిసీమలో 13 ఏళ్ళ తేడా

తీరంలో అవగాహన గురించి మాట్లాడాలంటే 1977 నవంబరు 19 దగ్గరికి వెళ్ళక తప్పదు. దివిసీమలో ఇప్పటికీ పెద్దవాళ్ళు కాలాన్ని ‘ఉప్పెన ముందు, ఉప్పెన తర్వాత’ అని లెక్క చెబుతారు. ఆ శనివారం సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. అధికారిక లెక్కల్లోనే చనిపోయినవాళ్ళు పది వేల వరకు ఉన్నారు. తుఫాను వస్తోందని రేడియో చెప్పింది. తుఫానంటే ఆ జనానికి కొత్త కాదు. కానీ వాళ్ళ మనసులో తుఫానంటే గాలీ వానా. తలుపులేసుకుని ఇంట్లో ఉంటే గడిచిపోయేది. తాటిచెట్టు ఎత్తు కెరటాలు వచ్చాయని బతికినవాళ్ళు చెప్పుకునే ఉప్పెన వాళ్ళ లెక్కలో లేదు. తెలిసిన ప్రమాదం తెలియని ప్రమాదాన్ని కప్పేయడం అప్పుడూ ఉంది.

1990 మే 9న ఇంచుమించు అంతే బలమైన తుఫాను, ఇంచుమించు అదే తీరాన్ని, కృష్ణ ముఖద్వారం దగ్గర తాకింది. ఈసారి చనిపోయినవాళ్ళు వెయ్యి లోపు. ఒక్కొక్కటీ ప్రాణమే, తక్కువేమీ కాదు. అయినా పది వేలకూ వెయ్యికీ మధ్య ఏం జరిగింది? తుఫాను షెల్టర్లు కట్టారు. ఇన్‌శాట్ ఉపగ్రహాల బొమ్మలు అందుబాటులోకి వచ్చాయి. లక్షల మందిని ముందే తరలించారు. వీటన్నిటితో పాటు ఇంకొకటి ఉంది. లారీ వచ్చి గుమ్మం ముందు ఆగి ‘ఎక్కండి’ అన్నప్పుడు ఎందుకు ఎక్కాలో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. 1977 ప్రతి ఇంట్లోనూ ఉంది.

అనుభవం నేర్పిన అవగాహనకు ఒక బలహీనత ఉంది. అది జరిగిన ప్రమాదానికే పనికొస్తుంది, జరిగిన చోటే పనికొస్తుంది. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుఫాను చిన్నది, వేగంగా బలపడింది. వెయ్యి మందికి పైగా పోయారు. వాళ్ళలో వేటకు వెళ్ళి సముద్రం మీదే ఉన్నవాళ్ళు చాలామంది. ఒడ్డున ఉన్నవాళ్ళ కోసం నేర్చుకున్న పాఠాలు నడి సంద్రంలో అక్కరకు రాలేదు.

నమ్మకం అంటే ఏ నమ్మకం?

‘అధికారులంటే నమ్మకం ఉందా?’ అని సర్వేల్లో అడుగుతుంటారు. ఆ ప్రశ్నే తికమకది. తీరంలో ఒక మత్స్యకార కుటుంబాన్ని ఊహించుకోండి. పునరావాస కేంద్రానికి రమ్మని టముకు వేశారు. ఆ ఇంట్లో కనీసం నాలుగు ప్రశ్నలు లేస్తాయి. తుఫాను నిజంగా ఇటే వస్తుందా? ఇది వాతావరణ శాఖ మీద నమ్మకం. మేం వెళ్ళాక ఇంటికి, వలలకు, పడవకు కాపలా ఎవరు? ఇది పోలీసుల మీద నమ్మకం. అక్కడ అన్నం, బాత్‌రూమ్, ఆడపిల్లలకు ఓ గది ఉంటాయా? ఇది రెవెన్యూవాళ్ళ మీద, పంచాయతీ మీద నమ్మకం. తర్వాత నష్టం రాసేటప్పుడు మా పేరు ఉంటుందా? ఇది అన్నిటికంటే పాతది, అన్నిటికంటే గాయపడిన నమ్మకం. మొదటి ప్రశ్నకు వందకు వంద మార్కులు వేసినవాడు కూడా మిగతా మూడింటిలో ఒకటి తేడా కొడితే కదలడు. ఆడవాళ్ళనీ పిల్లలనీ పంపి తనొక్కడు ఇంటి దగ్గర ఉండిపోతాడు. గేదెలున్న ఇంట్లో మరీను.

దాన్ని మొండితనం అనుకుంటే పొరపాటు. హెచ్చరిక మాట వినడానికి ఒక ఖర్చుంది. వేటకు వెళ్ళకపోతే ఆ రోజు కూలి లేదు. 2021 డిసెంబరులో జవాద్ తుఫాను వస్తుందని ఉత్తరాంధ్రలో వేల మందిని తరలించారు. అది ఒడ్డు చేరకముందే సముద్రంలోనే నీరసించిపోయింది. వాతావరణవాళ్ళ లెక్క ప్రకారం అది మంచి వార్త. తరలి వెళ్ళినవాడి లెక్కలో రెండు రోజుల పని పోయింది. ‘పోయినసారి ఇలాగే చెప్పారు’ అనే మాట అక్కడే పుడుతుంది. రెండు రోజుల ముందు వేసిన అంచనాలో వంద కిలోమీటర్లు అటూ ఇటూ కావడం మామూలే అని, కాబట్టి పదిసార్లు ఖాళీ చేయిస్తే కొన్నిసార్లు వృథా అవుతుందని ముందే చెప్పే అధికారులు తక్కువ. చెబితే జనం కదలరని భయం. చెప్పకపోతే తర్వాతిసారి కదలరు. శిబిరం నుంచి ఇంటికి వెళ్ళేటప్పుడు కుటుంబానికి బియ్యం, కొంత డబ్బు ఇచ్చే పద్ధతి ఈ మధ్య బాగా వాడుకలోకి వచ్చింది. దాన్ని ఉచితాల ఖాతాలో వేసి వెక్కిరించేవాళ్ళు ఉన్నారు గానీ, నా దృష్టిలో అది హెచ్చరిక ఖర్చులో ప్రభుత్వం తన వాటా కట్టడం.

నమ్మకం కట్టడం కష్టం, కూల్చడం తేలిక అని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ స్లోవిక్ 1993లో వాదించారు. మన పల్లెల్లో దానికో చేర్పు ఉంది. నమ్మకం ‘ప్రభుత్వం’ అనే పెద్ద ముద్ద మీద ఉండదు, మనిషి మీద ఉంటుంది. తెలిసిన వీఆర్వో, లైన్‌మన్, ఏఎన్ఎం చెబితే వింటారు. అదే మాట గుర్తు తెలియని నంబరు నుంచి మెసేజ్‌గా వస్తే లోన్ యాప్ అనుకుని తుడిచేస్తారు. 2023లో టెలికాం శాఖ ఎమర్జెన్సీ అలర్ట్‌లను పరీక్షించినప్పుడు చాలామంది ఫోన్లు ఒక్కసారి బీప్‌మని అరిచాయి. ఫోన్ హ్యాక్ అయిందని కంగారుపడ్డవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. టెక్నాలజీ గొప్పదే, ఏ టవర్ కిందున్నవాళ్ళకైనా ఆ మాట పంపగలదు. కానీ ఫోన్‌లో మోగే గొంతు ఎవరిదో జనానికి ముందే పరిచయం కావాలి.

నమ్మకం ఎక్కువైతే?

ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది. అధికారులను నమ్మితే జనం బాగా సిద్ధమవుతారని అనుకుంటాం. యూరప్‌లో జరిగిన అధ్యయనాలను 2013లో కొందరు పరిశోధకులు గుదిగుచ్చి చూస్తే, చాలాచోట్ల దీనికి ఎదురు కనిపించింది. బాగా నమ్మినవాళ్ళు ‘వాళ్ళు చూసుకుంటారులే’ అని తాము చేయాల్సింది మానేస్తున్నారు. 1940లలోనే గిల్బర్ట్ వైట్ అనే అమెరికన్ భౌగోళిక శాస్త్రవేత్త గట్లు కట్టిన చోట ఇలాంటిదే గమనించారు. గట్టు కట్టాక చిన్న వరదలు ఆగుతాయి, ఆ ధైర్యంతో గట్టు వెనక ఇళ్ళు పెరుగుతాయి, గట్టు తెగిన రోజున నష్టం పాత వరదలకంటే ఎక్కువ.

మనకు ఇది కరకట్ట కథ. భద్రాచలంలో 1986 తర్వాత కట్టిన కరకట్ట 2022లో ఊరిని కాపాడింది. అందులో సందేహం లేదు. అయితే కరకట్టకు రెండు వైపులుంటాయి. బయట నది ఎత్తుగా ఉన్నప్పుడు స్లూయిస్‌లు, అంటే లోపలి నీరు బయటికి పోయే తూములు, మూసేయాలి. అప్పుడు లోపల కురిసిన వాన ఎటూ పోదు, మోటార్లతో తోడి బయట పోయాలి. మోటారు ఆగితే వరద లోపలి నుంచే మొదలవుతుంది. కృష్ణలంక గోడ వెనక పదేళ్ళ తర్వాత ఎన్ని అంతస్తులు లేస్తాయో, అప్పటివాళ్ళకు గోడకు ముందు కాలం ఎంత గుర్తుంటుందో చూడాలి.

హైదరాబాద్‌లో ఇదే నమ్మకం కాగితం రూపంలో ఉంటుంది. 1908 సెప్టెంబరు 28 మూసీ వరదలో వేల మంది పోయాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకున్న నగరం అది. అక్కడ ఫ్లాట్ కొనేవాడు చెరువు ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండితే నీరు చేరే హద్దు, ఎక్కడుందో చూడడు. ‘పర్మిషన్ ఉంది, బ్యాంకు లోన్ ఇచ్చింది, రిజిస్ట్రేషన్ అయింది’ అని చూస్తాడు. మూడు ఆఫీసుల ముద్రలున్నాయంటే భద్రమే అనుకోవడం అతని తప్పా? 2020 అక్టోబరులో కాలనీలు మునిగినప్పుడు, 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ బుల్‌డోజర్లు వచ్చినప్పుడు చాలామంది అడిగిన ప్రశ్న ఇదే. అవగాహన లేదని జనాన్ని అనేముందు, ప్రమాదాన్ని తెలిసిన ఆఫీసే ముద్ర వేసి ఇస్తే ఇంకెవరిని అడిగి తెలుసుకోవాలో చెప్పాలి.

చట్టం ఏం చెబుతోంది?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. 12 మంది చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్ళకు కళ్ళ మంట, ఊపిరాడకపోవడమే సైరన్. ఫ్యాక్టరీలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే వీలున్నా ఎవరూ మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. ఎటు పరిగెత్తాలో, ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలో వద్దో ఆ ఊరికి తెలియదు.

తెలియజెప్పాలని చట్టం ఉంది. భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత, 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం, పెద్ద ప్రమాదం జరిగితే దెబ్బతినే చోట ఉన్న జనానికి ఆ ప్రమాదం ఎలాంటిదో, అది జరిగితే ఏం చేయాలో, ఏం చేయకూడదో ముందే చెప్పాలి. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రతి జిల్లాకు కలెక్టరు అధ్యక్షతన ఒక సంస్థనూ, ఒక ప్రణాళికనూ తప్పనిసరి చేసింది. కాగితం మీద లోటు తక్కువ. ఆచరణలో ఒక అతుకు దగ్గర అంతా జారిపోతుంది. నీరు వస్తోందని తెలిసేది ఇరిగేషన్ వాళ్ళకు, గేటు ఎత్తేది వాళ్ళే. జనానికి చెప్పాల్సింది రెవెన్యూ, మున్సిపాలిటీ. ఫ్యాక్టరీలో ఏ రసాయనం ఉందో తెలిసేది ఫ్యాక్టరీల శాఖకు, పరుగెత్తించాల్సింది పోలీసులు. అర్ధరాత్రి ఒంటిగంటకు ఒకరు ఇంకొకరికి ఫోన్ చేసి, అవతలివాళ్ళు ఎత్తి, ఆ మాట సింగ్‌నగర్ ఆఖరి లైను దాకా వెళ్ళాలి. జనం మాత్రం వీళ్ళందరినీ కలిపి ‘ఆఫీసర్లు’ అనే ఒక్క పేరుతో నమ్ముతారు, ఒక్క పేరుతోనే తిడతారు.

దీనికి మందు ఉందా అంటే, చిన్న స్థాయిలో చేసి చూపినవాళ్ళున్నారు. ఒడిశా తీరంలో గంజాం జిల్లా వెంకట్రాయ్‌పూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నొళియాసాహి 2020లో యునెస్కో నుంచి ‘సునామీ రెడీ’ గుర్తింపు పొందాయి. నొళియాలంటే తెలుగు మూలాలున్న మత్స్యకారులు, మనవాళ్ళే. ఆ గుర్తింపు కోసం ముంపు మ్యాప్ గీయాలి, ఎటు పరిగెత్తాలో బోర్డులు పెట్టాలి, ఊరి కమిటీ ఉండాలి, డ్రిల్లు చేయాలి. ఈ పనుల్లో ఊరివాళ్ళు కూర్చుని ఉపన్యాసం వినేది కాస్త, నడిచి చూసుకునేది ఎక్కువ. ఒకసారి నడిస్తే ముసలివాళ్ళకు ఎంతసేపు పడుతుందో, షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో తెలిసిపోతుంది. తాళం సంగతి నవ్వులాటకు అనలేదు. షెల్టరు ఏ కళ్యాణ మండపంగానో, ధాన్యం గోదాముగానో మారిపోయిన ఊళ్ళు తీరంలో ఉన్నాయి.

పట్నాల్లో ఇంతకంటే చవకైన పని ఒకటుంది. 2024 నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో ప్రతి వీధిలో కరెంటు స్తంభం మీద ఒక గీత, పక్కన తేదీ. భద్రాచలం స్కేలు లాంటిదే, పెయింటు ఖర్చుతో అయిపోతుంది. సింగ్‌నగర్‌లో వరద దిగాక చాలా ఇళ్ళ గోడల మీద ఆ గీత దానంతటదే ఉండిపోయింది, బురద రంగులో, మనిషి ఛాతీ ఎత్తున. తర్వాత ఒక్కో ఇల్లూ సున్నం వేసుకుంటూ వచ్చింది. స్తంభాల మీద రాద్దామంటే మొదట వద్దనేది ఇళ్ళ ఓనర్లే కావచ్చు. టు-లెట్ బోర్డు కూడా ఆ స్తంభానికే కడతారు మరి.